ఉచ్చు కనిపిస్తే ఎవరికి చెప్పాలి? వన్యప్రాణుల వేట, అమ్మకాలపై ఫిర్యాదు చేయడం ఎలా

"అన్నా, మా చెరువు గట్టు దగ్గర రాత్రిళ్లు కుక్కల్ని వేసుకొచ్చి కుందేళ్లు పడుతున్నారు. ఎవరికి చెప్పాలి?" వారానికి ఒక్కరైనా ఇలా అడుగుతారు. కొందరికి అది కుందేలు, కొందరికి ఉడుము, ఇంకొకరికి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మకానికి పెట్టిన తాబేలు. ఆ వెంటనే రెండో ప్రశ్న: "నా పేరు బయటికి రాదు కదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమని ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. దొంగను పట్టుకోవడం మీ పని కాదు. చోటు, టైము, కళ్లారా చూసిన సంగతి, ఈ మూడూ చెడిపోకముందే సరైన మనిషి చెవిన వేయడమే మీ పని. నా ఎరుకలో పాడైపోయిన ఫిర్యాదుల్లో సగానికి పైగా మనవాళ్ల తొందరపాటు వల్లే పాడయ్యాయి. ఆ సగంలో నావీ రెండున్నాయి, ఆ సంగతి కింద చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- లొకేషన్ ఆన్ చేసిన ఫోను. కెమెరా సెట్టింగ్స్‌లో "లొకేషన్ ట్యాగ్" కూడా ఆన్‌లో ఉండాలి. చాలామంది ఫోన్లలో ఉండదు, ఇప్పుడే చూసుకోండి.
- మీ ఊరు ఏ బీట్, ఏ సెక్షన్, ఏ రేంజ్ కిందికి వస్తుందో తెలియాలి. పోలీసులకు స్టేషన్లున్నట్టు అటవీ శాఖకు ఇవి. బీట్ ఆఫీసరు, ఆపైన సెక్షన్ ఆఫీసరు, ఆపైన రేంజరు, ఆపైన జిల్లా స్థాయి అటవీ అధికారి, అంటే డీఎఫ్‌వో. జిల్లా అటవీ కార్యాలయానికి ఒకసారి ఫోన్ చేసి ఊరి పేరు చెబితే రేంజరు నంబరు ఇస్తారు. ఈ పని పగటిపూట, తీరిగ్గా ఉన్నప్పుడు చేసుకోండి. అర్ధరాత్రి చెరువు గట్టు మీద నిలబడి గూగుల్‌లో వెతికితే దొరికేది ఎప్పుడో బదిలీ అయిపోయిన అధికారి నంబరే.
- అత్యవసరానికి 112. రైల్లో అయితే 139. కరెంటు తీగల విషయమైతే విద్యుత్ శాఖ 1912.
- వైల్డ్‌లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరో టోల్ ఫ్రీ నంబరు 1800-11-9334. ఫోన్‌లో "బ్యూరో" అని సేవ్ చేసుకోండి, ఇక్కడ కూడా అలాగే రాస్తాను.
- చిన్న నోటు పుస్తకం. ఫోన్ ఛార్జింగ్ ఉన్నప్పుడు అక్కర్లేదనిపిస్తుంది, లేనప్పుడు అదే దిక్కు.

బ్యూరో గురించి రెండు ముక్కలు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులన్నీ వేటగాళ్ల పాలయ్యాయని 2005లో తేలాక దేశమంతా గగ్గోలైంది. పులుల టాస్క్‌ఫోర్స్ వేశారు, 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టం సవరించారు, 2007లో ఈ బ్యూరో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. మన తెలుగు రాష్ట్రాలకు దగ్గర్లో ఉన్న ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో. రాష్ట్రం దాటే ముఠాలు, ఆన్‌లైన్ అమ్మకాలు, ఓడరేవులు, విమానాశ్రయాలు వీళ్ల లెక్కలోకి వస్తాయి. మీ ఊరి చెరువు గట్టు మీద కుందేలు వేట మాత్రం రేంజరు పనే.

1. అది నేరమా కాదా, ముందు తేల్చుకోండి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇదివరకు ఆరు షెడ్యూళ్లు ఉండేవి, ఇప్పుడు నాలుగు. జంతువులకు మొదటి రెండూ, మొక్కలకు మూడోది, అంతర్జాతీయ వ్యాపారంలో ఆంక్షలున్న జాతులకు నాలుగోది. మొదటి షెడ్యూల్ జంతువును చంపినా అమ్మినా కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. థియరీ ఇంతకంటే అక్కర్లేదు. ఊళ్లల్లో తరచూ ఎదురయ్యేవి చూద్దాం.

చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక, నెమలి, ఉడుము, అలుగు, దేవాంగ పిల్లి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అడవి పంది, కుందేలు రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. "కుందేలే కదా, దానికీ కేసేంటి" అనేవాళ్లు ఎక్కువ. కేసే. పంటను పాడు చేసిందని అడవి పందిని ఎవరికి వారు చంపడానికి కూడా లేదు. పంట నష్టానికి పరిహారం అడగవచ్చు, చంపాలంటే అనుమతి తెచ్చుకోవాలి. రెండింటికీ అటవీ శాఖ దగ్గరికే వెళ్లాలి.

పంజరంలో రామచిలుక కూడా నేరమే. లవ్‌బర్డ్స్ పెంచుకోవచ్చు, మన దేశపు చిలుకను పెంచకూడదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక, అయినా సంతలో పంజరానికి రెండేసి కనిపిస్తాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టది ఇంకా పెద్ద కష్టం. దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని మన నమ్మకం. ఎగురుతూ ఉండగా చూడమన్నారు పెద్దలు. ఇప్పుడు కొందరు ముందే పట్టి, కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు రాసి, పంజరంలో పెట్టి "దర్శనం పది రూపాయలు" అంటున్నారు.

పొరపాటు పడే చోట్లు కూడా ఉన్నాయి. ఫారంలో పెంచిన జపాన్ కౌజు పిట్ట వేరు, పొలంలో వల వేసి పట్టిన కౌజు వేరు. దానంతట అది రాలిన నెమలి ఈక ఇంట్లో ఉంటే తప్పు లేదు, విదేశాలకు పంపితే తప్పు. మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలు పెంచుకోవచ్చు గానీ 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పక్కింటి మకావ్‌ను చూసి 112కి ఫోన్ చేయకండి.

మూఢనమ్మకాల సరుకు మాత్రం ఎక్కడ కనిపించినా అనుమానించాల్సిందే. రెండు తలల పాము, ఇరవై గోళ్ల తాబేలు, నక్క కొమ్ము, పులి గోరు, దీపావళి ముందు గుడ్లగూబ. "హత్తా జోడీ" పేరుతో వేరు అని చెప్పి అమ్మేది చాలాసార్లు ఉడుము శరీర భాగం. "ఇంద్రజాల్" పేరుతో ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించేది సముద్రపు పగడపు జీవి. పులి గోళ్లలో చాలావరకు పశువు కొమ్ముతో చేసిన నకిలీలే. నకిలీయో అసలో తేల్చే పని మీది కాదు, ల్యాబ్‌ది. మీరు చెప్పాల్సింది "పులి గోరని అమ్ముతున్నారు" అని మాత్రమే.

2. దూరంగా ఉండండి, ముట్టుకోకండి

ఉచ్చు కనిపించగానే పీకేయాలనిపిస్తుంది. ఆగండి. జంతువు ఏదీ చిక్కి లేకపోతే దాన్ని అలాగే వదిలి ఫోటో తీయండి. అది మీకు తీగ ముక్కేమో గానీ, కేసుకు ముఖ్యమైన సాక్ష్యం. ఎవరు కట్టారో తెలియాలంటే బీట్ ఆఫీసరు వచ్చి, అక్కడే కాపు కాసి చూడాలి. మీరు పీకేస్తే రేపు రాత్రి ఇంకో పొద చాటున ఇంకోటి కడతాడు. పైగా ఈసారి జాగ్రత్తపడతాడు.

ఉచ్చును గుర్తుపట్టడం తెలియాలి. మోటారు సైకిల్ క్లచ్ వైరో బ్రేక్ వైరో ఉంగరంలా ముడి వేసి, కొత్తగా నరికిన గూటానికి కట్టి ఉంటుంది. మోకాలెత్తున, కంచె సందుల్లో, చెలమలకూ, జంతువుల కోసం అటవీ శాఖ నీళ్లు నింపే సాసర్ పిట్లకూ పోయే దారుల్లో పెడతారు. అటూ ఇటూ ముళ్లకంప అడ్డం వేసి మధ్యలో ఒక్క సందు వదిలారంటే, ఆ సందులో తీగ ఉన్నట్టే. ఎండాకాలంలో నీళ్ల దగ్గరే ఎక్కువగా చూడండి.

కరెంటు ఉచ్చు సంగతి వేరు. నేల నుంచి అడుగు ఎత్తున చిన్న చిన్న కర్రలు వరసగా పాతి, వాటికి సన్న తీగ లాగి ఉంటే అక్కడే ఆగిపోండి. పైన వెళ్లే లైను నుంచి కొక్కెం వేసి ఉండవచ్చు. జంతువులే కాదు, పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లిన రైతులూ ఈ తీగల మీద పడి చనిపోయారు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. 1912కి చెప్పి ఆ ఫీడరుకు సరఫరా ఆపించండి, తర్వాత రేంజరుకు చెప్పండి. ఎవరు ముందు అనే మీమాంస వద్దు, ఇక్కడ మటుకు కరెంటు వాళ్లే ముందు.

చచ్చిన పశువు కళేబరం అడవి అంచున పడి ఉండి, చుట్టూ కాకులో గద్దలో చచ్చి ఉంటే విషం పెట్టారని అర్థం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయినప్పుడు, దర్యాప్తులో విషం పెట్టిన పశువు కళేబరం సంగతే ముందుకొచ్చింది. చేతులతో తాకకండి. మీ కుక్కను ఆ దరిదాపులకు పోనీయకండి.

జంతువు ఉచ్చులో ప్రాణాలతో ఉంటే? చూస్తూ ఊరుకోవడం కష్టమే. అయినా చిరుతైనా ఎలుగైనా అడవి పందైనా దగ్గరికి పోవద్దు. ఊరి జనాన్ని పోగేయవద్దు. జనం అరుపులకు అది గింజుకుంటే తీగ ఇంకా లోపలికి దిగుతుంది. మత్తు ఇచ్చే టీము వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానీయకుండా చూడటమే మీరు చేయగల సాయం.

3. రాసుకోవలసినవి

ఎక్కడ: మ్యాప్‌లో పిన్, దానితోపాటు మాటల్లో గుర్తు. "పోచమ్మ గుడి దాటాక ఎడమవైపు మామిడి తోట వెనక వాగు" లాంటిది. పిన్ ఒక్కటే పంపితే చీకట్లో వచ్చే వాచర్లకు దారి దొరకదు.

ఎప్పుడు: గడియారం చూసి రాయండి. "నిన్న రాత్రి" అంటే కోర్టులో చెల్లదు.

ఏం చూశారు, ఎంత: "జింక మాంసం" అని తీర్పు చెప్పకండి. "గోనె సంచిలో మాంసం, రెండు కాళ్లకు గిట్టలు, పసుపు చర్మం మీద తెల్ల మచ్చలు" అని చూసింది చూసినట్టు చెప్పండి. 

ఎవరు: ఎంతమంది, బండి నంబరు, కుక్కలున్నాయా, తుపాకీ ఉందా. పేరు తెలిస్తే చెప్పండి, ఊహించి చెప్పకండి. ఊళ్లో పాత కక్షలు తీర్చుకోవడానికి ఈ ఫిర్యాదుల్ని వాడుకునేవాళ్లున్నారు. అందుకే అధికారులు కూడా మొదట్లో అనుమానంగానే వింటారు.

మీకెలా తెలుసు: కళ్లతో చూశారా, ఎవరైనా చెప్పారా? ఎవరో చెప్పిందైతే అలాగే చెప్పండి. దాని విలువ దానికుంది.

ఫోటోలు తీసేటప్పుడు ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి పక్కన ఏదైనా గుర్తు కనిపించేలా. ఫ్లాష్ ఆపేయండి, రాత్రిపూట ఫ్లాష్ కొడితే మీ అడ్రసు మీరే చెప్పినట్టు. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లోపలున్న టైము, లొకేషన్ వివరాలు పోతాయి. "డాక్యుమెంట్" గా పంపండి. ఒరిజినల్ మాత్రం మీ ఫోన్‌లోనే ఉండనివ్వండి, కేసు తేలేదాకా డిలీట్ చేయకండి.

4. ఎవరికి ఫోన్ చేయాలి

ఇప్పుడే జరుగుతోంది, మనుషులు అక్కడే ఉన్నారంటే ముందు రేంజరు. ఎత్తకపోతే డీఎఫ్‌వో. ఇద్దరూ ఎత్తకపోతే, లేదా తుపాకీ కనిపిస్తే 112. వేట మీద పోలీసులూ చర్య తీసుకోవచ్చు. "అది ఫారెస్టు వాళ్ల పని" అని ఎవరైనా అంటే "సార్, నాటు తుపాకీ ఉంది" అనండి, ఆ మాటకు కదులుతారు. లేని తుపాకీ మాత్రం సృష్టించకండి.

సంతలో, షాపులో అమ్ముతుంటే రేంజరు లేదా డీఎఫ్‌వో. రైలులోనో స్టేషన్‌లోనో సంచులు కదులుతూ కనిపిస్తే 139, లేదా దగ్గర్లోని రైల్వే పోలీసు. మన వైపు నుంచి నక్షత్ర తాబేళ్లు బట్టల బ్యాగుల్లో పోయేది ఎక్కువగా రైళ్లలోనే. ఆన్‌లైన్‌లో, లేదా రాష్ట్రం దాటే సరుకు అయితే నేరుగా బ్యూరోకు.

ఫోన్‌లో ఎలా మాట్లాడాలో చాలామందికి టెన్షన్. ఇలా మాట్లాడితే చాలు:

"నమస్తే సార్. ఫలానా మండలం, ఫలానా ఊరి చెరువు తూర్పు గట్టు దగ్గర. ఇప్పుడు టైము తొమ్మిది నలభై. నలుగురు మనుషులు, మూడు కుక్కలు, రెండు బండ్లు. తలకు లైట్లు పెట్టుకున్నారు. ఒక సంచి నిండుగా ఉంది, లోపలేముందో చూడలేదు. ఒక బండి నంబరు రాసుకున్నా. నేను రెండు వందల మీటర్ల దూరంలో ఉన్నా. లొకేషన్ వాట్సాప్‌లో పెడుతున్నా."

అర నిమిషం పడుతుంది. వేటగాళ్ల పుట్టుపూర్వోత్తరాలు, పోయినేడాది జరిగింది, సర్పంచి బావమరిది సంగతి, ఇవన్నీ తర్వాత. పెట్టేసే ముందు అవతలి మనిషి పేరు, హోదా అడిగి రాసుకోండి.

5. పేరు బయటికి రాకుండా

సమాచారం ఇచ్చేవాళ్లు వేరు, సాక్షి వేరు. సమాచారం ఇచ్చి తప్పుకోవచ్చు. నేరం జరిగిందన్న సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసు అధికారిని కోర్టు కూడా బలవంతం చేయలేదని సాక్ష్యాధారాల చట్టంలో ఉంది. మొదటి మాటగానే "సార్, ఇది సమాచారం మాత్రమే, నా పేరు కాగితం మీద వద్దు" అని స్పష్టంగా చెప్పండి. తర్వాత చెబితే అప్పటికే రాసేసి ఉంటారు.

కింది స్థాయి సిబ్బందిదీ ఆ ఊరే అయితే, చుట్టరికాలుంటే, భయం వేయడం సహజం. అలాంటప్పుడు బీట్ ఆఫీసరుకు చెప్పకుండా నేరుగా డీఎఫ్‌వోకో బ్యూరోకో చెప్పండి. అదేమీ తప్పు కాదు. 

అయితే ఒకటి. మీరు తప్ప ఇంకెవరూ చూడని నేరమైతే, మీరు సాక్ష్యం చెప్పకపోతే కేసు నిలబడదు. అది మీ నిర్ణయం, నేను ఒత్తిడి చేయను. ఆడపిల్ల ఒంటరిగా ఉండే ఇల్లో, వేటగాడి ఇంటి పక్క ఇల్లో అయితే సమాచారం ఇచ్చి ఊరుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

6. ఆన్‌లైన్‌లో కనిపిస్తే

స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి సంబరపడకండి. ఆ పోస్టు లింకు కాపీ చేయండి. ప్రొఫైల్ లింకు వేరుగా కాపీ చేయండి, పేర్లు మార్చేస్తారు గానీ లింకు దొరికితే పట్టుకోవచ్చు. ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, గ్రూపు పేరు, తేదీ కనిపించేలా తీయండి. వీడియో అయితే స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి. తర్వాత బ్యూరో వెబ్‌సైటులో నింపండి లేదా ఫోన్ చేయండి.

"కామెంట్‌లో తిట్టాను, రిపోర్ట్ కొట్టించాను" అని గొప్పగా చెబుతారు. అలా చేస్తే పోస్టు పోతుంది, మనిషి మిగులుతాడు, ఆధారం మాత్రం మిగలదు. ముందు ఆధారం పంపండి, రిపోర్ట్ కొట్టడం తర్వాత.

కొనేవాడిలా నటించి బేరమాడొద్దు, అడ్వాన్సు పంపొద్దు. వల పన్నడం అధికారుల పని, వాళ్లు చేస్తే దానికో పద్ధతి ఉంటుంది. మీరు చేస్తే రేపు మీ చాటింగే మీ మీద సాక్ష్యం. బ్యూరో 2016 డిసెంబరులో "సేవ్ కూర్మ" పేరుతో తాబేళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక ఆపరేషన్ చేసింది. రెండు నెలలు తిరక్కముందే వేర్వేరు రాష్ట్రాల్లో 15 వేలకు పైగా ప్రాణమున్న తాబేళ్లు పట్టుబడ్డాయి. అది ఒకరిద్దరు కుర్రాళ్లు చాటింగ్ చేసి సాధించే పని కాదు.

7. అధికారులు వచ్చాక ఏం జరగాలి

వాళ్లు వచ్చాక మీరు అక్కడ లేకపోయినా ఫర్వాలేదు. ఉంటే మాత్రం ఇవి గమనించండి. పట్టుకున్నవి లెక్కపెట్టి రాయాలి. మధ్యవర్తుల సమక్షంలో, అంటే చూసి సంతకం పెట్టే బయటి సాక్షుల ముందు, పంచనామా రాయాలి. మాంసమో చర్మమో అయితే శాంపిల్ తీసి సీలు వేయాలి. వేటకు వాడిన బండి కూడా స్వాధీనం చేసుకోవచ్చు. ప్రాథమిక నేర నివేదిక ఒకటి రాస్తారు, దాన్ని అందరూ పీవోఆర్ అంటారు. దానికొక నంబరు ఉంటుంది.

శాంపిల్ అంటే ఎందుకంత పట్టింపంటే, కోర్టులో నూటికి తొంభై మంది చెప్పే మాట ఒకటే: "అది మేక మాంసం సార్." దానికి జవాబు హైదరాబాద్ అత్తాపూర్‌లోనే ఉంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల డీఎన్‌ఏ చూసి ఏ జంతువో చెబుతుంది. దేశం నలుమూలల నుంచి శాంపిళ్లు అక్కడికి వస్తాయి. వండిన కూర ముక్క నుంచి కూడా చాలాసార్లు జాతి తేల్చగలరు. కానీ శాంపిల్ సరిగ్గా తీయకపోతే, సీలు లేకపోతే, ఏ ల్యాబూ ఏమీ చేయలేదు.

మిమ్మల్ని మధ్యవర్తిగా సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకండి. "ఆరు తాబేళ్లు" అని రాసి ఉంటే మీరు ఆరు లెక్కపెట్టారా? ఖాళీ కాగితం మీద అసలే వద్దు. రెండేళ్ల తర్వాత కోర్టులో "నేను చూడలేదు, సంతకం పెట్టమంటే పెట్టాను" అనే మధ్యవర్తి వల్లే చాలా కేసులు కొట్టేస్తారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*జాలిపడి కొనడం.* ఇది నేను చేసిన మొదటి తప్పు. ఒక వారపు సంతలో ముసలాయన బుట్టలో రెండు నక్షత్ర తాబేళ్లు. వీపు మీద పసుపు గీతలు చుక్కల్లా ఎంత బాగుంటాయో. ఒకటి నోరు తెరిచి మూస్తోంది, నీళ్లు లేవు. ఉన్న మూడొందలూ ఇచ్చి కొని ఫారెస్టు ఆఫీసుకు తీసుకెళ్లా. సారు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మినవాడేడి?" రెండోది: "ఇవి నీ దగ్గర ఎందుకున్నాయి?" చట్టం ప్రకారం వన్యప్రాణి ఎవరి చేతిలో దొరికితే వాళ్లే తప్పు లేదని నిరూపించుకోవాలి. మంచి మనిషి కాబట్టి వాంగ్మూలం రాయించుకుని పంపేశాడు. పై వారం అదే సంత, అదే ముసలాయన, బుట్టలో ఈసారి నాలుగు. నా మూడొందలు ఆయనకు పెట్టుబడి అయ్యాయి.

*గ్రూపులో పెట్టడం.* రెండోది కూడా నాదే. ఉచ్చు ఫోటో తీసి "మన ఊళ్లో ఇదీ పరిస్థితి" అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టా. సాయంత్రం బీట్ ఆఫీసరుతో వెళ్లి చూస్తే తీగా లేదు, గూటమూ లేదు, గూటం పాతిన గుంత మాత్రం ఉంది. కట్టినవాడూ ఆ గ్రూపులోనే ఉన్నాడని తట్టలేదు.

*ఇంటికి తెచ్చుకోవడం.* పొలంలో జింక పిల్ల, రోడ్డు మీద దెబ్బ తగిలిన గుడ్లగూబ. పాలు పట్టి పెంచుకుందామనుకుంటారు. మీ చేతికి వచ్చినప్పటి నుంచి 48 గంటల్లోపు పోలీసులకో అటవీ శాఖకో చెప్పాలి. ఆలస్యం చేస్తే మంచి చేయబోయి ముద్దాయి అవుతారు. జింక పిల్ల ఒంటరిగా పడుకుని ఉంటే చాలాసార్లు తల్లి దగ్గర్లోనే మేస్తుంటుంది, అసలు ముట్టుకోకండి.

*తాతల నాటి పులి గోరు.* దీని గురించి వచ్చే ప్రశ్నలకు లెక్కలేదు. యాజమాన్య ధ్రువపత్రం ఉంటే, వద్దనుకుంటే, 7 పని దినాల నోటీసు ఇచ్చి రాష్ట్ర అటవీ శాఖలోని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి అప్పగించవచ్చు. ధ్రువపత్రం లేకపోతే ముందు వకీలుతో మాట్లాడండి. మెళ్లో వేసుకుని రీలు మాత్రం చేయకండి. 2023 అక్టోబరులో కర్ణాటకలో ఒక టీవీ షో పోటీదారు మెళ్లో పులి గోరుతో కనిపించి, షో సెట్టు నుంచే అరెస్టయ్యాడు.

8. పని జరిగిందో లేదో చూసుకోవడం ఎలా

ఫోన్ చేసిన మర్నాడు పొద్దున అదే నంబరుకు ఒక్క మెసేజ్: "సార్, నిన్న 9.40కి చెప్పిన చెరువు గట్టు విషయం ఏమైంది?" మర్యాదగా, తేదీ టైముతో. జవాబులో పీవోఆర్ నంబరు వచ్చిందంటే కేసు కాగితం మీదికి ఎక్కినట్టు. "చూశాం, మందలించి పంపాం" అంటే ఎక్కలేదు.

పట్టుబడిన వాటి సంఖ్య మీరు చూసిన సంఖ్యతో సరిపోతోందా? ఎనిమిది చిలుకల్ని చూశారు, పేపర్లో ఐదని వచ్చిందనుకోండి, మిగతా మూడు ఏమయ్యాయని అడిగే హక్కు మీకుంది. ప్రాణమున్నవాటిని ఎక్కడికి పంపారో కూడా అడగండి. అడవిలో వదిలారా, జూకు పంపారా? రెక్కలకు జిగురంటిన పాలపిట్ట వదలగానే ఎగరలేదు, దానికి కొన్నాళ్లు వైద్యం కావాలి. "అక్కడే వదిలేశాం" అన్నారంటే సాయంత్రానికి కుక్క నోట్లో ఉంటుంది. దసరాకు ఫిర్యాదు చేసేవాళ్లు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

పదిహేను రోజులకు ఏమీ తెలియకపోతే డీఎఫ్‌వోకు రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో. పేరు ఇవ్వడానికి ఇబ్బంది లేనివాళ్లు సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఇలా అడగండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా రేంజ్‌లో వన్యప్రాణి చట్టం కింద నమోదైన పీవోఆర్‌ల నంబర్లు, తేదీలు, ప్రస్తుత స్థితి." "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు.

అప్పటికీ కదలకపోతే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, చెన్నైలోని బ్యూరో కార్యాలయం. చివరి దారి చట్టంలోనే ఉంది. 55వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు కూడా 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, నేరుగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేయవచ్చు. దానికి వకీలు, ఓపిక, ఆధారాలు మూడూ కావాలి. ఇంతదాకా వెళ్లినవాళ్లు నాకు తెలిసి తక్కువే. అయితే ఆ నోటీసు వెళ్లాక ఫైలు తనంతట తానే కదిలిన సందర్భం ఒకటి చూశాను.

నెల తర్వాత పగటిపూట ఒకసారి ఆ చోటు మీదుగా నడిచి రండి, ఒంటరిగా కాదు, పశువుల్ని మేపే వాళ్లెవరితోనైనా. కొత్తగా నరికిన గూటాలున్నాయా, కంప అడ్డం వేసి ఉందా చూడండి. మళ్లీ కనిపిస్తే రెండో దశ నుంచి మొదలుపెట్టండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు పాత పీవోఆర్ నంబరు ముందు చెప్పండి.